తడి గోడ, ఎండ పైకప్పు

ఢిల్లీలో మే నెల మధ్యాహ్నం వేడి 43 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉందనుకుందాం. అప్పుడు తడిగుడ్డ కప్పిన గోడ 25 డిగ్రీల దాకా చల్లబడగలదు. జులైలో వేడి 34కి దిగినా, తేమ 75 శాతానికి ఎక్కితే అదే గోడ 30 దగ్గరే ఆగిపోతుంది. ఒంటి మీది చెమటే ఆరని రోజుల్లో గోడ మీది నీరు ఏం ఆరుతుంది!

పంటను చల్లగా దాచే పనిలో ఢిల్లీ పూసాలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థకు ఈ చిక్కు పాతదే. 1980లలో అక్కడి శాస్త్రవేత్తలు రాయ్, ఖుర్దియా కరెంటు అక్కర్లేని కూల్ ఛాంబర్ కట్టారు. రెండు వరసల ఇటుక గోడ, నడుమ ఏడున్నర సెంటీమీటర్ల సందు, అందులో తడి ఇసుక. పూటపూటా నీళ్లు చల్లితే చాలు, కూరగాయలు త్వరగా వాడవు. ఖర్చు స్వల్పం; కాకపోతే గాలి పొడిగా ఉన్నన్నాళ్లే దాని ప్రతాపం.

కంప్రెసర్‌తో నడిచే ఫ్రిజ్‌కు ఆ బెడద లేదు. కానీ దానికి కరెంటు కావాలి. సోలార్ పెడితే రాత్రికి బ్యాటరీలు కావాలి. అవి ఖరీదు, పైగా కొన్నేళ్లకోసారి మార్చాలి.

అదే సంస్థకు చెందిన సంగీతా చోప్రా, అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వారితో కలిసి ఈ రెండు పద్ధతులనూ ఒక గదిలోకి తెచ్చారు. అదే పూసా ఫార్మ్ సన్‌ఫ్రిజ్. రెండు టన్నుల పంట పడుతుంది. గోడలకు తడిపిన గుడ్డ, పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు. బ్యాటరీ లేదు. పగటి ఎండతో నీటిని చల్లబరిచి తొట్టిలో దాస్తారు. పొద్దుగూకాక గదిని కాసేది ఆ నీరే. వెయ్యి లీటర్ల నీరు పది డిగ్రీలు వేడెక్కేలోగా, దాదాపు 11.6 యూనిట్ల కరెంటు కాల్చిన హీటరు ఇచ్చేంత వేడిని తాగేస్తుంది.

అసలు కిటుకు పని పంచుకోవడంలో ఉంది. లోపల 10 డిగ్రీలు, బయట 43 అయితే తేడా 33. లోపలికి చొరబడే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది. తడి గోడ 25కి దిగితే తేడా 15కి పడిపోతుంది. కంప్రెసర్ మీద ఆ మేరకు భారం తగ్గి, చిన్న యంత్రం, తక్కువ ప్యానెళ్లు సరిపోతాయి. జులైలో గోడ చేసే సాయం తగ్గుతుంది, బరువు చాలావరకు కంప్రెసర్ మీదే పడుతుంది. ఆ రోజుల్లో మబ్బు పడితే ప్యానెళ్లకూ ఇబ్బందే.

పానిపట్ జిల్లా చమరారా గ్రామంలో ఇలాంటి గదులు కట్టారు. కోసిన రోజే పంటను ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీకి తోలి, అక్కడ చెప్పిన ధరకే ఇచ్చేసి రావాల్సిన రైతుకు నాలుగు రోజులు ఆగే వీలుంటే, బేరంలో అతని మాటకూ విలువ వస్తుంది.