35 శాతం చేతికి ఎప్పుడొస్తుంది?

మా చిన్నమ్మ వాళ్ళది మదనపల్లె దగ్గర పల్లె. ఊర్లో ఎవరింటికి పోయినా టమాటా మాటే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో 150 రూపాయలు దాటింది, మా ఇంటర్ హాస్టల్లో టమాటా రసం బంద్. అదే టమాటాని ఇంకో సీజన్లో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. రెండూ ఒకే ఊరు, ఒకే మట్టి.

ధర పడిపోయినప్పుడు చిన్నమ్మ నిల్వ పచ్చడి పెట్టి అమ్ముతుంది. ఒక గ్రైండర్, రెండు పెద్ద గిన్నెలు, ఎండబెట్టడానికి మిద్దె. అంతే ఫ్యాక్టరీ. పోయిన వేసవి సెలవుల్లో ఫోన్ నా చేతికిచ్చి, "మెషిన్లకి 35 శాతం గవర్నమెంటోళ్ళే ఇస్తారంట. కంప్యూటర్ చదువుతాండావు కదా, ఆ ఫారం నింపు" అంది.

ఆ స్కీమ్ పేరు పీఎంఎఫ్ఎంఈ. పూర్తి పేరు చెప్తే పేరా అయిపోతుంది. ఇంట్లో, చిన్న షెడ్డులో తినే వస్తువులు తయారుచేసే వాళ్ళ కోసం 2020 జూన్‌లో కేంద్రం మొదలుపెట్టింది. మొత్తం 10,000 కోట్లు. మన రాష్ట్రాల్లో అయితే కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. యూనిట్ ఖర్చులో 35 శాతం రాయితీ, గరిష్ఠంగా 10 లక్షలు. ('రాయితీ' అంటే సబ్సిడీ అని నాకు ఆ కాగితాలు చదివాకే తెలిసింది. నవ్వకండి.)

ఫారం నింపుతుంటే అర్థమైంది, చిన్నమ్మ అనుకున్నది వేరు, స్కీమ్ వేరు. ఆమె లెక్కలో 6 లక్షల మెషిన్లకి 2 లక్షల 10 వేలు ముందే చేతికొస్తాయి, మిగతాది ఎలాగో సర్దుకోవచ్చు. అలా కాదు. ఇది బ్యాంకు లోన్‌తో ముడిపడిన రాయితీ. 6 లక్షల్లో కనీసం 10 శాతం, అంటే 60 వేలు, మనం పెట్టాలి. మిగతా 5 లక్షల 40 వేలు బ్యాంకు లోన్. ప్రభుత్వం ఇచ్చే 2 లక్షల 10 వేలు అదే బ్యాంకులో మన పేరుతో విడిగా ఉంటాయి, కానీ తీయలేం. గేమ్‌లో లాక్ అయిన కాయిన్స్ లాగా కనిపిస్తాయి, ఖర్చవ్వవు. లోన్ చివరి విడత ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ళు కంతులు సరిగ్గా కట్టి, యూనిట్ కూడా నడుస్తుంటే అప్పుడు ఆ డబ్బు లోన్‌లో జమ అవుతుంది. మధ్యలో యూనిట్ మూతపడితే? లోన్ మాత్రం మనదే.

ఈ షరతు నాకు తప్పనిపించలేదు. డబ్బు ముందే ఇస్తే మెషిన్ ఫోటో దిగి మాయమైపోయే వాళ్ళుంటారు. కానీ 35 శాతం అన్న మాట పోస్టర్ మీద పెద్దక్షరాల్లో, మూడేళ్ళ మాట లోపలి పేజీలో ఉంటే చిన్నమ్మ లాంటి వాళ్ళకి ఎవరు చెప్పాలి?

చెప్పేవాళ్ళు నిజానికి ఉన్నారు. జిల్లాకి రిసోర్స్ పర్సన్లని పెట్టారు. ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయడం, బ్యాంకు చుట్టూ తిరగడం, ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్లు చేయించడం వాళ్ళ పని. వాళ్ళ ఫీజు స్కీమే ఇస్తుంది, మనం ఇవ్వక్కర్లేదు. ఇది మాత్రం మీ ఊర్లో అందరికీ చెప్పండి, ఎందుకంటే రిపోర్ట్ రాసిస్తామని డబ్బు అడిగేవాళ్ళు మా చిన్నమ్మకి అప్పటికే ఇద్దరు తగిలారు. ఇంకో రెండు చిన్న విషయాలు: కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, స్థలం కొన్న ఖర్చు లెక్కలోకి రాదు.

రాత్రి మిద్దె మీద కూర్చుని చిన్నమ్మ చేత లెక్క చెప్పించా. పోయిన సీజన్లో ఎక్కడ ఆగిపోయింది? గ్రైండర్ దగ్గర కాదు. టమాటా చవకైన ఆ మూడు వారాల్లో నూనె, మిరపపొడి, సీసాలు కొనడానికి చేతిలో డబ్బు లేక ఆగిపోయింది. పెద్ద మెషిన్ వచ్చినా ఆ మూడు వారాలు అలాగే ఉంటాయి, పైగా నెలనెలా కంతు. టమాటా 150 అయిన ఏడాది పచ్చడి పెట్టలేం, కంతు మాత్రం ఆగదు.

అదే స్కీమ్‌లో ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. తినే వస్తువులు చేసే డ్వాక్రా సంఘం సభ్యులకి ఒక్కొక్కరికి 40 వేల దాకా మూలధనం. సరుకు కొనుక్కోవడానికి, చిన్న పనిముట్లకి. ఇదీ ఉచితం కాదు. సంఘాల సమాఖ్యకి గ్రాంటుగా వస్తుంది, సభ్యులకి అప్పుగా ఇస్తారు, తిరిగి సంఘానికే కట్టాలి. కానీ తాకట్టు భయం లేదు, అడిగేది పక్కింటి అక్కే.

చిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందు సంఘంలో అడుగుదాంలే. మెషిన్ సంగతి రెండు సీజన్లు పోనీ" అంది.

నింపిన ఫారం ఇంకా నా లాప్‌టాప్‌లో సగంలోనే ఉంది. దాని బదులు ఒక స్ప్రెడ్‌షీట్ చేసిచ్చా, తెలుగులో. ఆమె దాన్ని తెరవదు. నోట్‌బుక్‌లో రాసి ఆదివారం ఫోటో పంపుతుంది, నేను ఎక్కిస్తా. పోయిన వారం ఫోటోలో సీసాల ధర కొట్టేసి పక్కన కొత్త ధర రాసుంది, రెండు రూపాయలు తక్కువ. బేరం ఆడిందట.