పన్నెండంగుళాల రికార్డు – డౌన్‌లోడ్ ఫైలు

మంద్రస్వరం గట్టిగా వినిపించాలంటే రికార్డు మీది గాడి అటూ ఇటూ ఎక్కువగా ఊగాలి. అందుకు చోటు కావాలి. 1970లలో న్యూయార్క్ డిస్కో క్లబ్బుల కోసం పన్నెండంగుళాల రికార్డుపై వైపుకు ఒక్క పాటే ముద్రించడంతో ఆ చోటు దొరికింది. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 యంత్రంపై (1979) మీటను జరిపి వేగాన్ని 8 శాతం వరకు మార్చవచ్చు. అయితే వేగంతోపాటు శ్రుతీ మారుతుందని గమనించండి. ఫైలులో ఈ రెండింటినీ విడదీయవచ్చు.

ధ్వనిలో మంచి ఫైలు రికార్డుకు తీసిపోదు. పెట్టెలు మోసే బాధా లేదు (నడుము నొప్పి ఎరిగినవారు దీన్ని చిన్న లాభం అనరు). నా దృష్టిలో అసలు తేడా యాజమాన్యంలో ఉంది. మీరు కొన్న రికార్డును అక్కర తీరాక అమ్ముకోవచ్చు. వాడిన ఫైళ్లను తిరిగి అమ్మించే ఏర్పాటు రీడిజీ సంస్థ చేస్తే, అది కాపీహక్కు ఉల్లంఘనేనని 2018లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది.