హాలోజన్ నుంచి ఎల్ఈడీకి: ఒక స్టేజీ లైట్లు మార్చిన కథ



మన హాస్టల్ వార్షికోత్సవం రోజు సాయంత్రం ప్రతి ఏడూ ఒకటి జరిగేది, గుర్తుందా? గ్రౌండులో స్టేజీ మీద నాలుగు హాలోజన్ ఫోకస్ లైట్లు వేయగానే లోపల గదుల్లో ట్యూబులైట్లు డల్లయ్యేవి. వంటగదిలో ఫ్యాను మెల్లగా తిరిగేది. డ్యాన్సు మధ్యలో ఫ్యూజు కొట్టేసేది. అందరం ఒక్కసారి "ఓ..." అని అరిచేవాళ్లం. వాచ్‌మెన్ తాత టార్చిలైటు పట్టుకుని ఫ్యూజు బోర్డు దగ్గరికి ఉరికేవాడు. స్టేజీ మీద ఉన్నవాళ్లు మాత్రం ఆ లైట్ల వేడికి ముఖాన వేసుకున్న పౌడరు కారిపోతుంటే అక్కడే నిలబడేవాళ్లు.

అట్లా ఎందుకు జరిగేదో అప్పుడు మాకు తెలియదు. తెలియడానికి ఎమ్మెస్సీ దాకా రావలసి వచ్చింది. అదీ క్లాసురూములో కాదు, హైదరాబాదులో ఒక పబ్బులో తెలిసింది!

పబ్బు అనగానే కంగారు పడకండి. మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివినవాళ్లం. మా మూడిళ్లలోనూ డిగ్రీ పట్టా చూసింది మేమే మొదట. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతూ, నెల ఖర్చుల కోసం సెలవు రోజుల్లో ఒక లైటింగ్ షాపులో పనికి పోయేవాళ్లం. పెళ్లిళ్లకు, సంగీత్‌లకు, కాలేజీ ఫంక్షన్లకు లైట్లు కట్టడం పని. పోయిన ఏడు ఆ షాపు అన్నకు ఒక పబ్బులో స్టేజీ లైట్లు మార్చే పని దొరికింది. పొద్దున పదింటికి వెనుక తలుపు నుంచి లోపలికి పోయాం. పగటిపూట పబ్బు అంటే కుర్చీలు బోర్లించిన చీకటి హాలు, అంతే. పైన ఇనుప పైపుకు పన్నెండు నల్లటి డబ్బాలు వేలాడుతున్నాయి. అవి పార్ లైట్లు. వాటిని దించి ఎల్ఈడీలు పెట్టాలి.

"ఇంతేనా అన్నా, బల్బులు మార్చుడే కదా" అన్నాం.

"బల్బు మార్చుడు కాదు తమ్మీ, కరెంటు తొవ్వే మార్చుడు" అన్నాడు అన్న. ఆ మాటకు అర్థం మాకు మధ్యాహ్నానికి గాని తెలియలేదు.

పాత డబ్బాలో ఏముంది?

ఆ పాత లైటు పేరు పార్ 64. పార్ అంటే లోపల అల్యూమినియం పూత ఉన్న పారాబోలా ఆకారపు అద్దం. 64 అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు అరవై నాలుగు, అంటే 8 అంగుళాల వెడల్పు. లోపల టంగ్‌స్టన్ తీగ ఉంటుంది. దాని చుట్టూ క్వార్ట్జ్ గొట్టం, అందులో కొద్దిగా అయోడిన్ గాని బ్రోమిన్ గాని ఉంటుంది. వేడికి తీగ నుంచి ఆవిరైన టంగ్‌స్టన్‌ను ఈ హాలోజన్ మూలకం మళ్లీ తీగ దగ్గరికే చేరుస్తుంది. అందుకే గాజు నల్లబడదు. ఈ బల్బుకు అమెరికాలో 1959లో పేటెంటు వచ్చింది.

ఇది ఎంత మంచి లైటైనా, పని చేసే పద్ధతి ఒక్కటే: తీగను కాల్చి వెలుతురు తీయడం. తీసుకున్న కరెంటులో పదో వంతు కూడా కంటికి కనిపించే వెలుతురు కాదు. మిగతాది పరారుణ కిరణాలుగా, వేడిగా పోతుంది. ఇక రంగు కావాలంటే ముందు జిలాటిన్ పేపరు పెట్టాలి. నీలం పేపరు పెడితే నీలం ఒక్కటే బయటికి వస్తుంది, మిగతా రంగులన్నీ ఆ పేపరులోనే వేడిగా మారతాయి. హాలోజన్ వెలుతురులో అసలే నీలం తక్కువ. అంటే 1000 వాట్లు కాల్చి, చివరికి స్టేజీ మీద పడేది చిటికెడు నీలం.

ఎల్ఈడీ చేసే పని వేరు

ఎల్ఈడీలో కాలే తీగ లేదు. అర్ధవాహకపు రెండు పొరల మధ్య ఎలక్ట్రాన్లు, రంధ్రాలు కలిసినప్పుడు ఆ శక్తి నేరుగా కాంతిగా వస్తుంది. ఏ రంగు వస్తుందనేది ఆ పదార్థాన్ని బట్టి ఉంటుంది. కంటికి కనిపించే ఎరుపు ఎల్ఈడీని 1962లో నిక్ హోలోన్యాక్ చేశారు. ప్రకాశవంతమైన నీలం రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఆ నీలం కోసం పనిచేసిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో ఫిజిక్సు నోబెల్ ఇచ్చారు. నీలం వచ్చాకనే తెలుపు సాధ్యమైంది.

మేము పెట్టిన లైట్లలో ఒక్కొక్కదానిలో 54 చిన్న ఎల్ఈడీలు ఉన్నాయి. ఎరుపు 18, ఆకుపచ్చ 18, నీలం 18. ఒక్కొక్కటి 3 వాట్లు అనుకుంటే మొత్తం 162 వాట్లు. నీలం కావాలంటే నీలం ఎల్ఈడీలే వెలుగుతాయి. మిగతావి ఊరికే ఉంటాయి. పేపరు లేదు, వృథా లేదు.

మేము చేసిన తప్పు

ఇక్కడే మా చదువు బయటపడింది. పాత లైట్లు ఒక డిమ్మరు పెట్టెకు కలిపి ఉన్నాయి. అన్న బయట సామాను దింపుకుంటున్నాడు. ఆయన వచ్చేలోగా పని కానిద్దామని మేము రెండు ఎల్ఈడీ లైట్లను ఆ డిమ్మరు ప్లగ్గులకే పెట్టి, మీట సగానికి జరిపాం. లైట్లు టపటపా కొట్టుకున్నాయి. ఒకదాని నుంచి కాలిన వాసన వచ్చింది. అది మళ్లీ వెలగలేదు.

అన్న తిట్టలేదు. "ఎందుకు కాలిందో చెప్పుండ్రి. ఫిజిక్సు చదువుతున్నరు కదా" అన్నాడు. అదే పెద్ద తిట్టు. ఆ లైటు ఖరీదులో సగం మా కూలిలో పట్టుకున్నాడు, సగం తాను భరించాడు. ఆ వారం మేము చాయ్ మానేశాం గాని, కారణం మాత్రం వెతికి పట్టుకున్నాం. అది ఇదీ:

మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అంటే సెకనుకు 100 అర తరంగాలు. డిమ్మరు ప్రతి అర తరంగంలో మొదటి ముక్కను కోసేసి మిగతాదాన్ని మాత్రమే పంపుతుంది. హాలోజన్ తీగ ఎర్రగా కాలి ఉంటుంది. సెకనులో వందో వంతులో అది చల్లారదు. కాబట్టి ఆ కోత మన కంటికి కనబడదు, వెలుతురు తగ్గినట్టు మాత్రమే కనిపిస్తుంది. ఎల్ఈడీ లైటులో ముందుగా ఒక పవర్ సప్లయ్ ఉంటుంది. అది ఏసీని డీసీగా మారుస్తుంది. దానికి నిండు తరంగం కావాలి. కోసిన తరంగం ఇస్తే ప్రతిసారీ వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి లోపలి కెపాసిటర్‌లోకి కరెంటు దూకుతుంది. సెకనుకు వందసార్లు అట్లా దెబ్బ తింటే ఆ భాగాలు వేడెక్కి పోతాయి.

అన్న చెప్పిన "కరెంటు తొవ్వ" అంటే అదే. హాలోజన్‌కు కరెంటు, ఆజ్ఞ ఒకే తీగలో పోతాయి. ఎల్ఈడీకి రెండూ వేరు. కరెంటు ఎంసీబీ నుంచి నేరుగా నిండుగా రావాలి. ఎంత వెలగాలి, ఏ రంగు కావాలి అనే ఆజ్ఞ వేరే కేబులులో రావాలి.

ఆ ఆజ్ఞల భాష పేరు డీఎంఎక్స్ 512. 1986లో వచ్చింది. ఒక కేబులులో 512 చానళ్లు. మా లైటుకు 8 చానళ్లు కావాలి. కాబట్టి మొదటి లైటు అడ్రసు 1, రెండోది 9, మూడోది 17, ఇట్లా పెంచుకుంటూ పోవాలి. అందరికీ 1 పెడితే అందరూ ఒకటే చేస్తారు, మన హాస్టల్లో డ్రిల్లు చేసినట్టు. చివరి లైటుకు 120 ఓముల రెసిస్టరు ఒకటి పెట్టాలి. అది లేకపోతే సిగ్నలు చివరికి తగిలి వెనక్కి మళ్లుతుంది. తాడును గుంజకు కట్టి ఊపితే అల వెనక్కి వచ్చినట్టే. అప్పుడు లైట్లు తమకు తోచినట్టు మినుకుతాయి.

ముఖం రంగు సంగతి

సాయంత్రానికి అన్నీ వెలిగాయి. మూడు రంగులూ నిండుగా పెడితే వెనుక గోడ తెల్లగా ఉంది. మాలో ఒకడిని స్టేజీ మీద నిలబెట్టాం. వాడి ముఖం బూడిద పూసినట్టు ఉంది!

కారణం ఇది. ఈ తెలుపు మూడు రంగులు కలిపి చేసినది. మధ్యలో పసుపు, నారింజ ఉండే చోట దాదాపు ఖాళీ. గోడ అన్ని రంగులనూ సమానంగా తిప్పి పంపుతుంది కనుక తెల్లగానే కనిపిస్తుంది. మన చామనచాయ ఒంటి నిగారింపు ఆ పసుపు, నారింజ భాగంలోనే ఎక్కువ ఉంటుంది. వెలుతురులో లేని రంగును చర్మం తిప్పి పంపలేదు కదా. పైగా పూర్తి తెలుపు విషయంలో ఈ 162 వాట్ల లైటు పాత 1000 వాట్ల పార్‌కు సరితూగదు. రంగుల దగ్గరే అది గెలుస్తుంది.

చిన్నప్పుడు వార్షికోత్సవం ఫోటోల్లో మన ముఖాలు సరిగా పడలేదని, మరింత పౌడరు రాసుకోమని అనేవాళ్లు. మేమూ అదే నమ్మాం. ఆ రోజు తెలిసింది, చాలాసార్లు లోపం ముఖంలో కాదు, వెలుతురులో ఉంటుందని.

అన్న ముందు వైపు రెండు పాత హాలోజన్ పార్లు తిరిగి పెట్టించాడు, పాత డిమ్మరు మీదనే. సగానికి తగ్గించగానే తీగ వెలుతురు ఇంకా బంగారు రంగుకు తిరిగింది. ముఖానికి ప్రాణం వచ్చింది. యూరపులో 2018లో నాటకాల వాళ్లు స్టేజీ బల్బులను నిషేధం నుంచి మినహాయించాలని పెద్ద ఎత్తున అడగడానికి ఇదీ ఒక కారణం. ఇప్పుడు నారింజ, వెచ్చని తెలుపు కలిపిన ఎల్ఈడీ లైట్లూ దొరుకుతున్నాయి. ధర ఎక్కువ.

లెక్క చూద్దాం

పాతవి: 12 లైట్లు × 1000 వాట్లు = 12 కిలోవాట్లు.
కొత్తవి: 10 ఎల్ఈడీలు × 162 వాట్లు = 1.62 కిలోవాట్లు. రెండు హాలోజన్లు 2 కిలోవాట్లు. మొత్తం 3.62 కిలోవాట్లు.

అన్నీ నిండుగా నాలుగు గంటలు వెలిగితే రాత్రికి 48 యూనిట్ల చోట పద్నాలుగున్నర యూనిట్లు. మూసి ఉన్న హాలులో ఇంకో లాభం ఉంది. లైట్లు తిన్న కరెంటంతా చివరికి వేడే. దాన్ని ఏసీ బయటికి తోయాలి. ఒక టన్ను ఏసీ దాదాపు 3.5 కిలోవాట్ల వేడిని తీస్తుంది. పాత లైట్ల వేడికే మూడు టన్నులకు పైగా ఏసీ కావాలి. ఇప్పుడు దాదాపు ఒక టన్ను చాలు.

ఇక మన హాస్టల్ సంగతి. ఫోకస్ లైటు ఒక్కొక్కటి 1000 వాట్లు అనుకుంటే నాలుగింటికి 4000 వాట్లు. 230 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లకు పైనే. స్తంభం నుంచి వచ్చే వైరు నిరోధం ఒక ఓము అనుకోండి. ఓము సూత్రం ప్రకారం 17 వోల్టులు వైరులోనే పోతాయి. గదుల్లోకి వచ్చేది 213. అందుకే ట్యూబులైట్లు డల్లయ్యేవి. అందుకే ఫ్యూజు పోయేది. అవే నాలుగు ఎల్ఈడీలైతే దాదాపు 3 ఆంపియర్లు, పోయేది 3 వోల్టులు. తమ్ముళ్లూ, ఇది పదో తరగతి పాఠమే. మేము పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం గాని, నెత్తిమీది ట్యూబులైటుకు దానికీ ముడి పెట్టలేదు.

ఈ ఏడు స్టేజీ కట్టే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

1. మెయిను ఆపకుండా, ఎలక్ట్రీషియన్ లేకుండా వైర్లు ముట్టవద్దు.
2. లైటు బాడీ లోహంది. ఎర్తు పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్గులో పెట్టవద్దు.
3. ప్రతి లైటుకు బోల్టుతో పాటు సేఫ్టీ చైను వేయండి. కింద మనవాళ్లే ఉంటారు.
4. పొడుగు హాలోజన్ బల్బును వట్టి చేత్తో పట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటిన చోట ఎక్కువ వేడెక్కి క్వార్ట్జ్ పగలవచ్చు. పరదాలకు, షామియానా గుడ్డకు దూరంగా పెట్టండి.
5. ఎల్ఈడీ లైటును డిమ్మరుకు కలపవద్దు. మేము కట్టిన కూలి చాలు!
6. ఎల్ఈడీకీ వేడి ఉంటుంది, వెనుక వైపు. ఫ్యాను రంధ్రాలు మూయవద్దు, దుమ్ము దులపండి.
7. ముందు వైపు ఒకటి రెండు వెచ్చని లైట్లు ఉంచండి. మన ముఖాలు మన ముఖాల్లాగే కనిపించాలి.

ఆ పబ్బులో పని అయ్యాక అన్న మమ్మల్ని ఒక మాట అడిగాడు: "చదువుకున్నోళ్లు, మీకు ఈ పని ఎందుకు?" అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాం. మా నాయనలకు పని తెలుసు, దాని వెనుక లెక్క చెప్పినవాళ్లు లేరు. మాకు లెక్క వచ్చు, పని తెలియదు. ఆ రోజు కాలిపోయిన లైటు రెండింటినీ కలిపింది.

వచ్చే వార్షికోత్సవానికి మేము ముగ్గురం వస్తున్నాం. లైట్లు కట్టే పని మాకు వదిలేయండి. డ్యాన్సు మధ్యలో ఫ్యూజు పోదు. వాచ్‌మెన్ తాతను ఈసారి ముందు వరుసలో కూర్చోబెడదాం.