తీతువు పిట్ట

చెరువుగట్టు దిగువన, కోతలు ముగిసిన వరిమళ్ళలో, ఇంకిపోతున్న కుంటల అంచున నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, నేలను పొడుస్తూ కనిపించే పొడవుకాళ్ళ పక్షి తీతువు. సంస్కృతంలో దీని పేరు టిట్టిభం. ఈ రెండు పేర్లూ దాని కూతను అనుకరించేవే. శాస్త్రీయనామం వానెల్లస్ ఇండికస్.

తీతువు సుమారు 35 సెంటీమీటర్ల పొడవుంటుంది. తల, కంఠం, రొమ్ము నలుపు, వీపు, రెక్కలు గోధుమవర్ణం, ఉదరం తెలుపు, కాళ్ళు పసుపుపచ్చన. ఎర్రని ముక్కుకు కొన నల్లగా ఉంటుంది. కన్నుల ముందుండే ఎర్రని కండపొర దీని ప్రత్యేక లక్షణం. వెనుకవేలు మిక్కిలి చిన్నది కావడంవల్ల కొమ్మను పట్టుకొని కూర్చోవడం దీనికి సులభం కాదు. కనుక దీని జీవనమంతా నేలమీదనే సాగుతుంది. కీటకాలు, పురుగులు, నత్తలు దీని ఆహారం. రాత్రివేళ కూడా మేత కోసం సంచరిస్తుంది.

మార్చి నుండి ఆగస్టు వరకు ఇవి ఎక్కువగా గుడ్లు పెడతాయి. తీతువు గూడు అల్లదు. బయలునేలలో చిన్న గుంట చేసి, దానిచుట్టూ గులకరాళ్ళనో మేకపెంటికలనో చేర్చి, అందులో మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నల్లని మచ్చలున్న ఆ గుడ్లు మట్టిలో కలిసిపోయి కంటికి ఆనవు. ఎండ తీవ్రమైనప్పుడు తల్లిదండ్రులు ఉదరపు ఈకలను నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. పిల్లలు వెలువడిన కొద్దికాలానికే నడువగలవు. తల్లి హెచ్చరిక వినగానే నేలకు కరచుకొని కదలక పడి ఉంటాయి.

కుక్క గాని, మనిషి గాని సమీపిస్తే పెద్దపక్షులు తలపైన తిరుగుతూ గట్టిగా అరుస్తాయి. ఒక్కొక్కసారి గాయపడినట్లు నటించి శత్రువును దూరంగా మళ్ళిస్తాయి. నిశిరాత్రి వినిపించే ఈ కూతనే మనవారిలో కొందరు అపశకునంగా భావించారు. కాని అది మరణవార్త కాదు. సంతానాన్ని కాపాడుకొనే ఆర్తనాదం.

మన ప్రాచీనులలో ఈ ఆర్తిని గుర్తించినవారూ ఉన్నారు. పంచతంత్రంలోని మిత్రభేదంలో సముద్రుడు టిట్టిభ దంపతుల గుడ్లను అపహరిస్తాడు. ఆ చిన్నపక్షులు అధైర్యపడక తోటి పక్షులను కూడగట్టి, గరుత్మంతుని ద్వారా విష్ణువుకు మొరపెట్టుకొని గుడ్లను తిరిగి పొందుతాయి.

నేడు ఆ గుడ్లకు ముప్పు సముద్రం వల్ల కాదు. తొలకరి దుక్కిలో నాగలి కిందా, ట్రాక్టరు చక్రం కిందా అవి నలిగిపోతున్నాయి. తీతువు అరుపు విన్న రైతు ఒక్క క్షణం ఆగి, ఆ చోటు విడిచి సాలు తిప్పితే ఒక కుటుంబం నిలుస్తుంది. అర్థం తెలిసిన కూత భయపెట్టదు. మన బాధ్యతను గుర్తుచేస్తుంది.