డాబా మీద సోలార్: ముందు కరెంటు బిల్లు తీసి చూడండి

పోయిన నెల నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి రెండు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒకటి ఆమె ఇంటి కరెంటు బిల్లు. రెండోది ఎవరో ఏజెంటు ఇచ్చిపోయిన రంగుల కరపత్రం. "మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే మిగిలిన కరెంటు గవర్నమెంటు కొనుక్కుంటదంట గదా అయ్యగారూ. నెలనెలా మన ఖాతాలోనే డబ్బులు పడతయ్యంట. లోను కూడా వాళ్ళే ఇప్పిస్తారంట. సంతకం పెట్టమంటారా?" అని అడిగారు.

బిల్లు చూశాను. ఆ నెల వాడకం 90 యూనిట్లు. ఒక వారం ఆగమని చెప్పి, ఇంటికొచ్చి లెక్క వేశాను. ఇలాంటి కరపత్రాలు మాచర్ల, గురజాల వైపు సంఘాల్లోనూ తిరుగుతున్నాయని విన్నాక ఆ లెక్కను అందరి ముందూ పెట్టడం మంచిదనిపించింది. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ఉపమానం మనకు కొత్త కాదు గదా.

ముందు ఏర్పాటు సంగతి. డాబా మీది ప్యానెళ్ళలో పుట్టిన కరెంటును ఇన్వర్టరు మన ఇంటికి పనికొచ్చేలా మారుస్తుంది. పగలు మనం వాడుకోగా మిగిలింది తీగల మీదుగా బయటికి పోతుంది. రాత్రి మనకు కావలసింది అదే తీగల మీద వస్తుంది. పోయినదాన్నీ వచ్చినదాన్నీ రెండింటినీ లెక్కపెట్టే మీటరును నెట్ మీటరు అంటారు. నెలాఖరుకు వచ్చినదాంట్లోంచి పోయినది తీసేసి, తేడాకే బిల్లు వేస్తారు. మనం పంపిందే ఎక్కువైతే ఆ యూనిట్లు మన ఖాతాలో జమపడతాయి. చివరికి లెక్క తేల్చే గడువు వచ్చేసరికి ఇంకా మిగిలి ఉన్నవాటికే డబ్బు ఇస్తారు. ఆ ధరను విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. కరపత్రాలు దాటేసే విషయం ఇక్కడే ఉంది: ఆ ధర మనం పై స్లాబుల్లో కరెంటుకు కట్టే ధర కంటే బాగా తక్కువ.

స్లాబులంటే ఏమిటో బిల్లు వెనక్కి తిప్పి చూసే అలవాటు మనలో చాలామందికి లేదు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు యూనిట్‌కు రూ.1.90. అక్కడి నుంచి 75 వరకు రూ.3. 125 వరకు రూ.4.50. 225 వరకు రూ.6. 400 వరకు రూ.8.75. ఆ పైన రూ.9.75. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు వీటికి అదనం. అంటే తక్కువ వాడే ఇంటికి కరెంటు చవక, ఎక్కువ వాడే ఇంటికి ఖరీదు. సోలార్ ఎవరికి లాభమో ఈ పట్టికే చెబుతుంది.

ఆ సహోదరి 90 యూనిట్లకు చార్జీ రూ.259.50. మన ఎండకు ఒక కిలోవాట్ ప్లాంటు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తుందనుకోవచ్చు. మూడు కిలోవాట్లకు 360. ఆమె వాడకం పోగా మిగిలేది 270. లెక్క కోసం మిగులు యూనిట్‌కు 2 రూపాయలు అనుకుందాం. 540 రూపాయలు వస్తాయి. బిల్లు ఆదా కూడా కలిపితే నెలకు సుమారు 800. ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. ప్లాంటుకు 1,90,000 అయిందనుకుంటే, కేంద్రం ఇచ్చే గరిష్ఠ సబ్సిడీ 78,000 పోను 1,12,000 అప్పు. 7 శాతం వడ్డీకి పదేళ్ళ వాయిదా నెలకు దాదాపు 1,300. నెలనెలా డబ్బులు పడతాయన్న ఇంట్లో నెలనెలా 500 చేతి నుంచి పడుతుంది, పదేళ్ళ పాటు.

అదే సంఘంలో ఒక ఉపాధ్యాయుడి కుటుంబం ఉంది. ఏసీ, ఫ్రిజ్, మోటారు అన్నీ కలిపి నెలకు 300 యూనిట్లు. చార్జీ రూ.1,673. వాళ్ళు రెండు కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు వస్తాయి, బిల్లు పడేది మిగిలిన 60కి. అది రూ.147. నెలకు 1,526 ఆదా. ప్లాంటు 1,30,000 అనుకుంటే సబ్సిడీ 60,000 పోను 70,000 అప్పు, వాయిదా 810 చిల్లర. మొదటి నెల నుంచే మిగులు. మూడో కిలోవాటు కూడా పెడితే? దానికి అదనంగా అయ్యే అప్పు 42,000, వాయిదా 490 దాకా. దానివల్ల అదనంగా వచ్చేది ఆ 147, మిగులు యూనిట్ల మీద మరో 120. ఆ మూడో కిలోవాటు వాళ్ళకు కూడా దండగే. మీ ఊరి కొటేషన్ వేరుగా ఉండొచ్చు, అంకెలు మార్చి వేసుకోండి. పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని వేయండి, ఒక్క మే నెల బిల్లు చూసి కాదు.

డాబా మీద సోలార్ అంటే పై స్లాబుల్లో కొనే ఖరీదైన యూనిట్లను కొనకుండా ఉండే ఏర్పాటు. అమ్మకం దాని పక్కన రాలే చిల్లర.

మన ఎండ గురించి ఒక మాట. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు పత్రికలకెక్కుతుంది కాబట్టి ఇక్కడ ప్యానెళ్ళు మిగతా ఊళ్ళకంటే బాగా పనిచేస్తాయని ఏజెంట్లు చెబుతుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. దాని సామర్థ్యాన్ని 25 డిగ్రీల వద్ద కొలిచి రాస్తారు. ఆ పైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్ళు 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 16 శాతం అక్కడే పోయినట్టు. అందుకే ప్యానెళ్ళను కప్పుకు ఆనించి పరచకూడదు, కింద గాలి ఆడాలి. ముఖం దక్షిణానికి, వాలు 16 డిగ్రీల దాపున ఉంటే మన ప్రాంతానికి సరిపోతుంది.

ఇక దుమ్ము. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల చుట్టుపక్కల, దాచేపల్లి, మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో ఉండేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మంచుకు తడిసిన సున్నపు దుమ్ము అద్దం మీద గట్టిపడితే వెలుగు లోపలికి పోదు. తెల్లవారుజామున మెత్తటి గుడ్డతో, మంచి నీళ్ళతో కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లనీళ్ళు పోయకూడదు. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. మిరపకాయలు ఎక్కడ ఎండబోస్తారో కూడా ఆలోచించుకోండి. వేపచెట్టు నీడ, నీళ్ళ ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా దాంతో వరసగా కలిపినవాటి ఉత్పత్తి కూడా పడిపోవచ్చు. రేకుల ఇల్లయినా, రాతిబండల కప్పయినా బరువూ గాలీ తట్టుకుంటుందో లేదో తెలిసిన మేస్త్రీతో చూపించకుండా ఒప్పుకోవద్దు.

సోలార్ ఉంటే కరెంటు పోదనుకుంటారు చాలామంది. పోతుంది. బ్యాటరీ లేని మామూలు ప్లాంటు, లైనులో కరెంటు పోయిన క్షణమే ఆగిపోయేలా తయారుచేసి ఉంటుంది. లైను ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగిలితే మనిషి ప్రాణం పోతుంది, అందుకని. కోతల్లోనూ ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీతో పనిచేసే రకం ఇన్వర్టరు కావాలి. దాని ఖర్చు వేరు.

సబ్సిడీ సంగతికి వద్దాం. కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000. ఆ పైన ఎంత పెట్టినా 78,000 దాటదు. సొంత ఇల్లు, సొంత కప్పు, ఇంటి కరెంటు సర్వీసు ఉండాలి. ఇంతకుముందు సోలార్ సబ్సిడీ తీసుకుని ఉండకూడదు. రాష్ట్ర ప్రభుత్వం బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల మీద మరో 20,000 ప్రకటించింది. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్లు ఉచితమని చెప్పింది. నెలకు 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు పొందుతున్న ఎస్సీ, ఎస్టీ కుటుంబం సొంత అప్పుతో సోలార్ పెట్టుకుంటే ఆదా అయ్యే బిల్లే ఉండదు. అలాంటివాళ్ళ చేత ఎవరైనా లోను కాగితాల మీద సంతకం పెట్టిస్తుంటే సంఘ పెద్దలు కలగజేసుకోవాలి.

ఇక్కడ మన సంఘాలకే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. క్రైస్తవ్యంలోకి వచ్చిన ఎస్సీలనూ వారి సంతతినీ మన రాష్ట్రం బీసీ-సి జాబితాలో ఉంచింది. అది న్యాయమా అన్నది పెద్ద వాదన, ఇప్పుడు దాని జోలికి పోను. మీ దగ్గర ఏ ధ్రువపత్రం ఉందో, దరఖాస్తులో ఏ గడి నింపుతున్నారో చూసుకోండి. బీసీ-సి పత్రం ఉన్నవారు బీసీల అదనపు 20,000 గురించి కరెంటాఫీసులో అడగాలి. ఉచితమని ఆశపడి నిజం కాని గడిలో టిక్ పెట్టించుకుంటే, రేపు ప్రశ్న ఎదురయ్యేది ఏజెంటుకు కాదు.

మందిరాలకు కూడా పెట్టించవచ్చా అని కాపరులు అడుగుతున్నారు. ఈ సబ్సిడీ ఇళ్ళ సర్వీసులకు, మందిరం మీటరు ఇళ్ళ కేటగిరీ కాదు. పైగా పల్లె మందిరంలో వారానికి ఒకటి రెండు పూటలు ఫ్యాన్లూ మైకూ తప్ప వాడకమే ఉండదు. ఆ డబ్బుతో ఒక మంచి బ్యాటరీ ఇన్వర్టరు కొంటే ప్రసంగం మధ్యలో మైకు ఆగదు. కాపరి ఉండే ఇల్లు సొసైటీ ఆస్తి అయితే సొంత ఇంటి నిబంధన అడ్డొస్తుంది, కమిటీలో మాట్లాడుకుని గాని ముందుకు పోవద్దు.

సంతకానికి ముందు చూసుకోవలసినవి కొన్ని. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో మీ సర్వీసు నంబరుతో, మీ సొంత ఫోన్ నంబరుతోనే జరగాలి, ఏజెంటు ఫోన్‌తో కాదు. అమ్మేవాడు పోర్టల్ జాబితాలో ఉన్నవాడేనా? ప్యానెళ్ళు, వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవేనా? కాకపోతే సబ్సిడీ రాదు. అయిదేళ్ళ నిర్వహణ బాధ్యత కాగితం మీద ఉందా? సబ్సిడీ ముందుగా రాదు. ప్లాంటు పెట్టి, నెట్ మీటరు బిగించి, తనిఖీ అయ్యాకే నేరుగా మీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. "సబ్సిడీ మేం చూసుకుంటాం, ఖాతా పుస్తకం ఇవ్వండి" అన్నవాడికి పుస్తకం ఇవ్వకండి. ప్యానెళ్ళు పాతికేళ్ళు నడుస్తాయి గాని ఇన్వర్టరు అన్నాళ్ళు నడవదు. పదేళ్ళ ప్రాంతంలో మార్చాల్సి వస్తుందని ఇప్పుడే లెక్కలో రాసుకోండి.

అన్నిటికంటే ఎక్కువగా పని ఆగేది పేరు దగ్గర. బిల్లు మీద పేరు, ఆధార్ మీద పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటే అయి ఉండాలి. మన పల్లెల్లో సగం బిల్లులు తాతల పేర్ల మీదే నడుస్తున్నాయనిపిస్తుంది నాకు.

వారం తర్వాత ఈ లెక్క ఆ సహోదరికి చెప్పాను. మూడు కిలోవాట్ల మాట వదిలేశారు. బీసీ సబ్సిడీ వస్తే ఒక్క కిలోవాటు పెట్టుకుని 90 యూనిట్లూ సొంతంగా తీర్చుకునే ఆలోచనలో ఉన్నారు. అయితే సర్వీసు ఇంకా చనిపోయిన భర్త పేరు మీదే ఉంది. మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు సంచిలో పెట్టుకుని పేరు మార్పిడి కోసం సోమవారం కరెంటాఫీసుకు వెళ్ళారు.