త్రాగునీటిలో మందు మోతాదు
ఢిల్లీ నేర్పిన పాఠము – మోతాదు పంపుల పరిమాణము, పరికరములు

వరద కాలమున గోదావరి, కృష్ణా తీరముల గృహిణులు ఎర్రని ఏటి నీటిని బిందెలలో నింపి, ఇండుపగింజ అరగదీసియో, పటిక త్రిప్పియో తేర్చుకొనుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పటిక తక్కువైన మడ్డి దిగదు. ఎక్కువైన నీరు వగరెక్కును. ఎంత త్రిప్పవలెనో ఆ ఇల్లాలి చేతికి తెలియును. నగరమునకు నీరందించు కేంద్రములలో జరుగు పనియు ఇదియే. అయితే అచ్చట బిందెకు బదులు కోట్ల లీటర్ల నీరు, చేతికి బదులు యంత్రము ఉండును. ఆ యంత్రము సరియైన కొలతలో మందును విడువనిచో కలుగు హాని ఒక యింటితో ఆగక ఊరంతయు ప్రాకును.

1955వ సంవత్సరము చివర ఢిల్లీ నగరమున జరిగిన సంఘటన ఈ విషయమున లోకమునకే పాఠమైనది.

ఢిల్లీలో కామెర్ల వ్యాధి

ఆ యేడు వర్షాకాలము చివర యమునకు గొప్ప వరదలు వచ్చెను. వరద తీసిన పిమ్మట నది పాయ దారి మార్చుకొనెను. నగరపు మురుగును మోసుకొని వచ్చు నజఫ్‌గఢ్ కాలువ, వజీరాబాదు వద్ద నగరమునకు నీరు తోడు స్థలమునకు దిగువన యమునలో కలియుచుండెడిది. నది పాయ మారుటచే ఆ మురుగు ఎగువకు ఎదురు తన్ని, 1955 నవంబరులో సుమారు ఒక వారము పాటు నీరు తోడు స్థలమునకే చేరెను. అధికారులు ప్రమాదమును గుర్తించి పటిక మోతాదును, క్లోరిన్ మోతాదును పెంచిరి.

అయినను డిసెంబరు మొదలు 1956 జనవరి వరకు నగరమున కామెర్లు దావానలమువలె వ్యాపించెను. కన్నులు, మేను పచ్చబడిన రోగుల సంఖ్య సుమారు 29,300 అని అప్పటి పరిశోధకులు అంచనా వేసిరి. గర్భిణీ స్త్రీలకు ఈ వ్యాధి మిక్కిలి ప్రాణాంతకమయ్యెను. విచిత్రమేమనగా, అదే కాలమున టైఫాయిడు, అతిసారము వంటి బాక్టీరియా వ్యాధులు పెచ్చుపెరుగలేదు. అనగా పెంచిన క్లోరిన్ బాక్టీరియాను అణచగలిగినది గాని, కామెర్లు కలిగించు సూక్ష్మజీవిని అణచలేకపోయినది. ఆ నాడు దాచిన రక్తపు నమూనాలను తరువాతి శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది అంతవరకు తెలిసిన 'ఎ' రకపు కామెర్లు కాదని 1980లో ప్రకటించిరి. అది నేడు హెపటైటిస్ 'ఇ' అని పిలువబడు వైరస్ వ్యాధి.

ఇందలి నీతి యేమి? 'మందు కలిపితిమి' అనుట చాలదు. నీటిలోని మాలిన్యమంతయు హరించిన పిమ్మట కూడ తగినంత మందు మిగులవలెను. అది పనిచేయుటకు తగిన కాలమును ఉండవలెను.

మోతాదు అనగా నేమి?

నీటిలో వేసిన క్లోరిన్ మొదట అందలి సేంద్రియ మలినములతోను, ఇనుముతోను, అమోనియాతోను కలిసి ఖర్చగును. దీనిని నీటి యొక్క 'ఆకలి' అనవచ్చును. ఆకలి తీరిన పిమ్మట నిలిచియుండునదే మిగులు క్లోరిన్. సూక్ష్మజీవులను చంపునది ముఖ్యముగా ఈ మిగులే. ఆకలియు, మిగులును కలిసినదే మోతాదు. భారతీయ ప్రమాణముల ననుసరించి త్రాగునీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగులవలెను. వైరస్‌ల నుండి రక్షణ కావలసినప్పుడు అది 0.5 మిల్లీగ్రాములు ఉండవలెను. క్లోరిన్ కలిపిన పిదప నీటిని పంచుటకు ముందు కనీసము అరగంట నిలువయుంచవలెను. నీరు ముందుగా తేరియుండుటయు అవశ్యకము. మడ్డి రేణువుల చాటున దాగిన సూక్ష్మజీవిని క్లోరిన్ చేరజాలదు.

మోతాదు పంపు పనిచేయు విధము

మహానగరముల పెద్ద కేంద్రములలో క్లోరిన్‌ను వాయురూపమున ప్రత్యేక పరికరములతో కలుపుదురు. చిన్న పట్టణములలోను, నోయిడా, గురుగ్రామము, గాజియాబాదు వంటి చోట్ల వెలసిన బహుళ అంతస్తుల గృహ సముదాయములలోను హైపోక్లోరైటు ద్రావణమును మోతాదు పంపుతో కలుపుట సులభము. ఈ పంపులో డయాఫ్రము అను సాగెడి పొర ముందునకు, వెనుకకు కదలుచుండును. వెనుకకు పోయినప్పుడు తొట్టిలోని మందును పీల్చును. ముందునకు వచ్చినప్పుడు దానిని నీటి గొట్టములోనికి నెట్టును. రెండు వైపుల నుండు చిన్న వాల్వులు మందు తిరిగి వెనుకకు పోకుండ కాపాడును. కదలిక పొడవునైనను, నిమిషమునకు కదలికల సంఖ్యనైనను మార్చి మోతాదును హెచ్చింప, తగ్గింపవచ్చును.

పరిమాణము లెక్కించుట

పంపును ఎన్నుకొనుటలో తరచుగ జరుగు పొరపాట్లు రెండు. రోజు మొత్తముపై లెక్క వేయుట మొదటిది. 'పెద్దదైన మంచిదే' యని అవసరమునకు మించిన పంపును కొనుట రెండవది. ఒక ఉదాహరణము చూడుడు.

ఒక గృహ సముదాయమునకు రోజుకు 5 లక్షల లీటర్ల నీరు కావలెను. నీటి మోటారు రోజుకు 10 గంటలు మాత్రమే నడచును. కావున లెక్కకు ఆధారము రోజు కాదు, గంటకు పారు 50,000 లీటర్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము మోతాదైనచో గంటకు 50 గ్రాముల క్లోరిన్ కావలెను. లీటరునకు 100 గ్రాముల క్లోరిన్ గల తాజా హైపోక్లోరైటులో ఇది అర లీటరు.

అయితే ఇది సాధారణ దినపు లెక్క మాత్రమే. నీరు చెడిన దినమున మోతాదు 3 మిల్లీగ్రాములు కావచ్చును. వేసవి యెండకు హైపోక్లోరైటు బలము తగ్గి లీటరుకు 70 గ్రాములే మిగులవచ్చును. అప్పుడు గంటకు 150 గ్రాముల క్లోరిన్, అనగా సుమారు 2.1 లీటర్ల ద్రావణము అవసరము. మిక్కిలి శుభ్రమైన దినమున అర మిల్లీగ్రాము చాలినచో గంటకు పావు లీటరే సరిపోవును. కావున గంటకు 2.5 లీటర్ల పంపు తగినది. అది తన శక్తిలో పదవవంతు వరకు తగ్గి పనిచేయగలిగినచో రెండు కొసలను అందుకొనును. దీనికి బదులు గంటకు 20 లీటర్ల పంపును పెట్టినచో, అది సాధారణ దినమున తన శక్తిలో నలువదవ వంతున నడువవలసి వచ్చును. అంత తక్కువలో అనేక పంపులు నిలకడగా కొలువజాలవు.

పటికకును ఇదే సూత్రము. రోజంతయు నడచుచు కోటి లీటర్లను శుద్ధిచేయు కేంద్రమున లీటరుకు 40 మిల్లీగ్రాముల పటిక కావలసినచో దినమునకు 400 కిలోలు పట్టును. లీటరుకు 100 గ్రాముల ద్రావణముగా గంటకు సుమారు 167 లీటర్లు పంపవలెను. వరద నీటికి మోతాదు ఇబ్బడియైనచో 333 లీటర్లు కావలెను. ఏనాటి మోతాదు ఎంతయో పాత్రల పరీక్ష చెప్పును: కొన్ని పాత్రలలో అదే నీటిని పోసి, వేర్వేరు పాళ్ళలో పటిక కలిపి, ఏది చక్కగా తేరునో చూతురు.

వెంట నుండవలసిన పరికరములు

పంపు ఒక్కటియే చాలదు. మందు తొట్లు రెండుండవలెను. ఒకటి వాడుకలో నున్నప్పుడు రెండవదానిలో ద్రావణము కలిపి సిద్ధపరుపవచ్చును. పీల్చు గొట్టము మొదట జల్లెడ ఉండవలెను. హైపోక్లోరైటు నుండి బుడగలు పుట్టి పంపు తలలో చేరినచో పంపు ఆడుచునే యుండును గాని మందు పోదు. అందుచే పంపును తొట్టి మట్టమునకు దిగువనుంచి, గాలి వెడలు మార్గమును అమర్చుట మేలు. ఇనుము, ఇత్తడి దీనికి పనికిరావు, పి.వి.సి. వంటి తినివేయబడని పదార్థములనే వాడవలెను.

గొట్టము మూసుకొనిపోయినచో ఒత్తిడి విడుదల చేయు వాల్వును, మందు తనంతట తాను జారిపోకుండ ఆపు వాల్వును తప్పక పెట్టవలెను. నీటి మోటారు ఆగిన క్షణమే మోతాదు పంపును ఆగునట్లు విద్యుత్తును జోడింపవలెను. లేనిచో మందు గొట్టములో ప్రోగుపడి, మరల నీరు వదలినప్పుడు మొదటి ఇండ్లవారికి ఘాటైన ద్రావణమే చేరును. ఒక పంపు చెడినప్పుడు నడుపుటకు వేరొక పంపు సిద్ధముగా నుండవలెను.

గీతలు గల కొలపాత్రను పీల్చు గొట్టమునకు అమర్చుట అన్నింటికంటె చౌకయైనది, అన్నింటికంటె తరచుగ మరువబడునది. గంటకు అర లీటరు పంపవలసిన పంపు ఆరు నిమిషములలో ఈ పాత్రనుండి 50 మిల్లీలీటర్లు తీయవలెను. పంపుపై ముల్లు చూపు అంకెను నమ్మక, ఈ పరీక్షను క్రమముగా చేయవలెను.

పటిక ద్రావణమును గాని, ఆమ్లమును గాని హైపోక్లోరైటు తొట్టిలో ఎన్నడును పోయరాదు. విషవాయువైన క్లోరిన్ వెడలి ప్రాణాపాయము కలుగును.

నేటి యమున

1959లో వజీరాబాదు వద్ద ఆనకట్ట నిర్మింపబడెను. నజఫ్‌గఢ్ కాలువ దానికి దిగువన కలియుచున్నది. అయినను ఎగువనుండి వచ్చు మాలిన్యముచే యమునలో అప్పుడప్పుడు అమోనియా పెరుగుచుండును. ఒక మిల్లీగ్రాము అమోనియా నత్రజని పూర్తిగా హరింపబడుటకు సుమారు 8 నుండి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ పట్టును. అంతకు తక్కువ వేసినచో క్లోరిన్ అమోనియాతో కలిసి క్లోరమైనులుగా మారును. ఇవి వైరస్‌ను చంపుటలో బలహీనములు. అందువలననే అమోనియా పరిమితి మీరిన దినములలో వజీరాబాదు, చంద్రావల్ కేంద్రములందు శుద్ధిచేయు నీటి పరిమాణమును తగ్గింపవలసి వచ్చుచున్నది. శుద్ధము కాని నీటిని ఎక్కువగా పంపుటకంటె శుద్ధమైన నీటిని తక్కువగా పంపుటయే క్షేమము.

పౌరుల కర్తవ్యము

గృహ సముదాయముల సంఘములు మందు గదిలో ఒక పుస్తకమునుంచి, ప్రతిదినము కొలపాత్ర పరీక్షను, అన్నింటికంటె చివరి కుళాయి వద్ద మిగులు క్లోరిన్‌ను వ్రాయింపవలెను. మిగులును చూచుటకు రంగు మారెడి చిన్న పరీక్ష పెట్టె చాలును. అందు కనబడు రంగును పక్కనున్న పట్టికతో పోల్చి చూడవచ్చును. నీటిలో క్లోరిన్ వాసన స్వల్పముగా తోచిన భయపడనక్కరలేదు. ఎప్పుడును ఉండు మిగులు హఠాత్తుగా మాయమైననే భయపడవలెను. ఎచ్చటనో మురుగు కలిసినదనుటకు అది తొలి సూచన కావచ్చును.

నీటి రంగు మారినను, దుర్వాసన వచ్చినను, ఇరుగుపొరుగున కామెర్లు కనబడినను నీటిని తెర్లునట్లు కాచి చల్లార్చి త్రాగవలెను. గర్భిణీ స్త్రీల విషయమున ఈ జాగ్రత్త ఎంతమాత్రము విడువరాదు. వెంటనే నీటి శాఖకును, ఆరోగ్యాధికారికిని తెలుపవలెను. రోగి కండ్లు పచ్చబడు నాటికి దోషమున్న నీరు త్రాగి కొన్ని వారములు గడచియుండును. కావున నీటిని కాపాడవలసినది రోగము వచ్చిన నాడు కాదు, ప్రతిదినమును.