మసక గెలాక్సీల వేట.. డేటా నైపుణ్యాలకు బాట

డిగ్రీలో ఫిజిక్సో, కంప్యూటర్సో చదువుతున్నారా? పైథాన్ కాస్తో కూస్తో వచ్చా? అయితే రెజ్యూమెలో నలుగురిలో ప్రత్యేకంగా నిలబెట్టే ప్రాజెక్టు ఒకటుంది. ఖర్చు దాదాపు లేదు, ఓపిక మాత్రం కావాలి.

సికింద్రాబాద్ పక్కనే ఉన్న బేగంపేటకు ఈ పనిలో పాత చరిత్రే ఉంది. అక్కడి నిజామియా అబ్జర్వేటరీ అంతర్జాతీయ ఆకాశ సర్వేలో పాల్గొని, గాజు పలకలపై ఫొటోలు తీసి, లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచి 12 సంపుటాల కేటలాగ్ ప్రచురించింది. ఇప్పుడు ఆ పలకల స్థానంలో డిజిటల్ చిత్రాలొచ్చాయి. వీటిలో చాలా వరకు ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఏం వెతకాలి?

కొన్ని గెలాక్సీలు మన పాలపుంతంత పెద్దవి, కానీ నక్షత్రాలు చాలా తక్కువ. వెలుగు పల్చగా పరచుకోవడంతో రాత్రి ఆకాశపు కాంతిలో కలిసిపోతాయి. 2015లో డ్రాగన్‌ఫ్లై బృందం కెమెరా టెలిఫొటో లెన్సులను జతచేసిన టెలిస్కోప్‌తో కోమా గెలాక్సీ గుంపులో ఇలాంటివి 47 గుర్తించింది. 2021లో డార్క్ ఎనర్జీ సర్వే తొలి మూడేళ్ల చిత్రాల్లో 23,790 మసక గెలాక్సీలు దొరికాయి.

ఎలా వెతుకుతారు?

* ముందు ప్రకాశవంతమైన నక్షత్రాలను చిత్రంలో కప్పేస్తారు.
* ఆకాశపు నేపథ్య కాంతిని లెక్కగట్టి తీసేస్తారు. మోతాదు మించితే గెలాక్సీ కూడా చెరిగిపోతుంది.
* చిత్రాన్ని నునుపు చేసి, మిగిలిన మరకలను జాబితా చేస్తారు.
* వాటిలో నకిలీలను ఏరేస్తారు. లెన్సులో చెదిరిన వెలుగు, పాలపుంతలోని ధూళి అచ్చం గెలాక్సీలాగే కనిపిస్తాయి.

2021 సర్వేలో మెషీన్ లెర్నింగ్ వడపోత తర్వాత కూడా శాస్త్రవేత్తలు చిత్రాలను కళ్లతో చూసి నిర్ధారించారు. అసలు కిటుకు అక్కడే ఉంది!

మీరెలా మొదలుపెట్టాలి?

పైథాన్, ఆస్ట్రోపై నేర్చుకోండి. ఆకాశంలో చిన్న ముక్క ఎంచుకుని మీ జాబితాను ప్రచురిత కేటలాగ్‌తో పోల్చండి. ఎన్ని దొరికాయి, ఎన్ని తప్పిపోయాయి, ఎన్ని నకిలీలు చొరబడ్డాయి? ఈ మూడు అంకెలు రాసిపెట్టుకోండి. చిత్రంలో మీరే కృత్రిమ గెలాక్సీలు చొప్పించి, మీ ప్రోగ్రామ్ వాటిని పట్టుకుంటుందో లేదో చూడండి.

కొలువుల మాటేంటి?

నిజం చెప్పాలంటే ఖగోళశాస్త్రంలో ఉద్యోగాలు తక్కువ. పరిశోధనే లక్ష్యమైతే ఎమ్మెస్సీ తర్వాత జెస్ట్, గేట్ స్కోర్లతో బెంగళూరులోని ఐఐఏ వంటి సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. కానీ మసక సంకేతాన్ని చప్పుడులోంచి వేరుచేసే పని వైద్య స్కానింగ్, శాటిలైట్ చిత్రాలు, ఫ్యాక్టరీ నాణ్యత తనిఖీల్లోనూ ఉంది. ‘మీ మోడల్ ఎక్కడ తప్పింది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, లెక్కతో సహా చెప్పగల అభ్యర్థికి మార్కులు ఎక్కువ.